పెళ్లిళ్లు లేని పల్లెలు: షేకర్లపై మీ ప్రశ్నలకు జవాబులు

కిందటి సంచికలో గోడకు తలకిందులుగా వేలాడుతున్న షేకర్ కుర్చీ బొమ్మ వేశాం. షేకర్లంటే ఇంగ్లండ్‌లో మొదలై, అమెరికాలో పల్లెలు కట్టుకుని, పెళ్లి మానేసి ఉమ్మడి ఆస్తితో బతికిన ఒక క్రైస్తవ శాఖ. దాని మీద వచ్చిన ఉత్తరాలు కుర్చీతో మొదలై పెళ్లి, ఆస్తి, పిల్లలు, పాటల దాకా వెళ్లాయి. వెళ్లడమే మంచిదైంది. ఆ కుర్చీని విడిగా చూస్తే మంచి పనితనమున్న సామాను, అంతే. దాన్ని తగిలించిన ఇంటి కట్టుబాట్లు తెలిస్తే అది అలా ఎందుకుందో తెలుస్తుంది.

ప్రశ్న: షేకర్లూ క్వేకర్లూ ఒకరేనా? ఆ పేరు ఎలా వచ్చింది?

ఒకరు కాదు గానీ చుట్టరికం ఉంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర బోల్టన్‌లో 1747లో జేమ్స్ వార్డ్లీ, జేన్ వార్డ్లీ అనే దంపతులు క్వేకర్లనే క్రైస్తవ శాఖ నుంచి విడిపోయి ఒక చిన్న బృందం పెట్టుకున్నారు. క్వేకర్లు అప్పటికి మౌనంగా కూర్చుని ప్రార్థించే పద్ధతిలో స్థిరపడ్డారు. వీళ్లకు మాత్రం ప్రార్థనలో పూనకం వచ్చినట్టయ్యేది. వణికేవారు, ఊగేవారు, కేకలు పెట్టేవారు. చూసినవాళ్లు ‘షేకింగ్ క్వేకర్లు’ అని వెక్కిరించారు. వెక్కిరింపు పేరే చివరికి వాడుక పేరైంది. వాళ్లు పెట్టుకున్న అసలు పేరుకు అర్థం ‘క్రీస్తు రెండవ రాకడను విశ్వసించేవారి ఐక్య సంఘం’.

ఆ బృందానికి నాయకురాలై దాన్ని అమెరికా తీసుకెళ్లింది ఆన్ లీ. 1736లో మాంచెస్టర్‌లో ఒక కమ్మరి ఇంట పుట్టింది. చదువు లేదు, చిన్నప్పటి నుంచీ బట్టల మిల్లు పని. 1762లో పెళ్లయింది. నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ పసితనంలోనే పోయారు. ఆదివారం ఆరాధనలకు భంగం కలిగించారన్న నేరం మీద ఆమెను జైల్లో పెట్టారు. స్త్రీపురుషుల కలయికే ఆదిపాపానికి మూలమన్న దర్శనం తనకు కలిగింది అక్కడేనని ఆమె చెప్పింది. 1774 మే 19న లివర్‌పూల్‌లో ‘మరియా’ అనే ఓడ ఎక్కి, ఎనిమిది మంది అనుచరులతో ఆగస్టు 6న న్యూయార్క్‌లో దిగింది. వెంట వచ్చిన భర్త కొద్ది కాలానికే విడిపోయాడు. 1776 నుంచి ఆల్బనీ దగ్గర నిస్కయూనాలో అడవి కొట్టి కాపురం పెట్టారు. ఆమె 1784లో చనిపోయింది. పల్లెలకు పల్లెలే ఉమ్మడి ఆస్తితో బతికే ఏర్పాటును ఆమె చూడలేదు. దాన్ని కట్టింది తర్వాత వచ్చిన జోసెఫ్ మీచమ్, లూసీ రైట్. దర్శనం ఆన్ లీది, పల్లె ప్రణాళిక వీళ్లిద్దరిది అనుకుంటే చాలా అయోమయం తీరిపోతుంది.

ప్రశ్న: ఆన్ లీయే క్రీస్తు అని వాళ్ల నమ్మకమా?

మామూలుగా అలాగే రాసేస్తారు గానీ వాళ్ల లెక్క వేరు. దేవుడిలో తండ్రీ తల్లీ ఇద్దరూ ఉన్నారన్నది వాళ్ల మొదటి మాట. క్రీస్తు ఆత్మ తొలిసారి యేసు అనే పురుషుడిలో, రెండోసారి ఆన్ అనే స్త్రీలో వెల్లడైందన్నది రెండోది. ఆమెను ‘మదర్ ఆన్’ అన్నారు గానీ ఆమెకు పూజ చేయలేదు. మిగిలినవి ఆచరణకు సంబంధించినవి: బ్రహ్మచర్యం, పాపాల ఒప్పుకోలు, ఉమ్మడి ఆస్తి, లోకం నుంచి ఎడంగా ఉండటం, ఆయుధం పట్టకపోవడం. బయటివాళ్లను బైబిలు మాటతో ‘లోకస్థులు’ అనేవారు.

దేవుడిలో తల్లి ఉందన్న నమ్మకం పాలనలోకి నేరుగా దిగింది. ప్రతి పదవికీ ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. అమెరికాలో ఆడవాళ్లకు ఓటు లేని రోజుల్లో, 1796లో మీచమ్ చనిపోయాక, 1821 దాకా సంఘం మొత్తానికీ పెద్ద దిక్కు లూసీ రైటే. అంతర్యుద్ధ కాలంలో సైన్యంలో నిర్బంధంగా చేర్చుకోకుండా మినహాయింపు కోరుతూ ఫ్రెడరిక్ ఎవన్స్ అనే ఎల్డర్ (సంఘ పెద్ద) అధ్యక్షుడు లింకన్‌ను కలిశాడు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి తర్వాత షేకర్లయినవాళ్లు ప్రభుత్వం నుంచి రావలసిన పింఛన్లు తీసుకోలేదన్న సంగతిని లెక్కలతో సహా ముందు పెట్టాడు. మినహాయింపు దొరికింది.

ప్రశ్న: పెళ్లిళ్లే లేకపోతే జనం ఎక్కడినుంచి వచ్చారండీ? పెళ్లయినవాళ్లు చేరితే భార్యాభర్తల సంగతేమిటి?

మూడు దారుల్లో వచ్చారు. మొదటిది మత పునరుజ్జీవన సభలు. ఎక్కడ జనం ఉద్రేకంతో పాత చర్చీలు వదులుతున్నారో అక్కడికి షేకర్ బోధకులు వెళ్లేవారు. 1805 జనవరి 1న ముగ్గురు న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ లెబనాన్ పల్లె నుంచి కాలినడకన బయల్దేరి కెంటకీ, ఒహాయో చేరారు. పశ్చిమాన ఉన్న పల్లెలన్నీ ఆ నడక ఫలితమే. రెండోది కుటుంబాలకు కుటుంబాలే చేరడం. మూడోది అనాథ పిల్లలు, సాకలేని తల్లిదండ్రులు రాతపూర్వకంగా అప్పగించిన పిల్లలు. ఆ కాగితం ప్రకారం పిల్లకు తిండి, బట్ట, చదువు, ఒక చేతిపని నేర్పాలి. ఇరవై ఒక్కేళ్లు వచ్చాక ఉండాలో వెళ్లాలో వాళ్ల ఇష్టం. ఎక్కువమంది వెళ్లిపోయారు. జనసంఖ్య బాగా ఉన్న 1840ల్లో మెయిన్ రాష్ట్రం నుంచి కెంటకీ దాకా పద్దెనిమిది పెద్ద పల్లెలు, నాలుగైదు వేల మంది ఉండేవారు.

పెళ్లయి వచ్చినవాళ్లు అన్నాచెల్లెళ్లలా బతకాలి. తరచూ వేర్వేరు ఇళ్లలో ఉంచేవారు. పిల్లలు పిల్లల విభాగంలో, వాళ్లను చూసుకునేవారి దగ్గర పెరిగేవారు. ఇద్దరికీ ఇష్టమైతే ఇబ్బంది లేదు. ఒకరు చేరి ఇంకొకరు కాదంటేనే గొడవ. 1814లో జేమ్స్ చాప్మన్ అనే ఆయన తన ముగ్గురు పిల్లలనూ తీసుకుని వాటర్‌వ్లీట్ (నిస్కయూనాకే తర్వాతి పేరు) షేకర్లలో కలిశాడు. భార్య యూనిస్ పుస్తకాలు అచ్చు వేసి, శాసనసభ చుట్టూ తిరిగి, 1818లో న్యూయార్క్ శాసనసభ చేత తన ఒక్కదాని కోసం విడాకుల చట్టం చేయించుకుంది. పిల్లలనూ తెచ్చుకుంది. ఆనాటి చట్టంలో పిల్లల మీద హక్కు తండ్రిదే కాబట్టి షేకర్లు చట్టం తమ పక్షాన ఉందనుకున్నారు. ఆ తల్లికి జరిగింది మాత్రం అన్యాయమే. షేకర్లను మెచ్చుకునేవాళ్లు ఈ కథను దాటవేయకూడదు.

ప్రశ్న: ఒకే ఇంట్లో అరవై, డెబ్భై మంది ఆడా మగా ఉండి బ్రహ్మచర్యం అంటే నమ్మడం కష్టంగా ఉంది. ఎలా సాగింది?

మనసు మీద భారం వేయకుండా ఇంటి మీద వేశారు. అదే కిటుకు. వాళ్ల భాషలో ‘ఫ్యామిలీ’ అంటే రక్తసంబంధం కాదు, ఒకే పెద్ద ఇంట్లో ఉండే ముప్ఫై నుంచి వందమంది దాకా జనం. ఆ ఇంటికి రెండు వాకిళ్లు, రెండు మెట్ల వరసలు. నడవా వెడల్పుగా ఉండేది. ఒక పక్క మగవాళ్ల గదులు, మరో పక్క ఆడవాళ్లవి. భోజనాలు వేర్వేరు బల్లల దగ్గర, మాటల్లేకుండా. ఎంత కావాలంటే అంత వడ్డించుకోవచ్చు, వడ్డించుకున్నది మాత్రం మిగల్చకూడదు. ఆడా మగా ఇద్దరే ఒకచోట ఉండటానికి, కరచాలనానికి కూడా నిషేధం.

వేసవిలో నాలుగున్నరకు, శీతాకాలంలో అయిదుకు గంట. లేచి మోకరించి ప్రార్థన, ఆపైన పక్కబట్టలు తీసి కుర్చీ మీద మడిచి గాలికి పెట్టడం. మగవాళ్లు కొట్టంలోకి, ఆడవాళ్లు వంటింట్లోకి, గదులు సర్దే పనిలోకి. పనులు మార్చి మార్చి వేసేవారు. ఆడవాళ్లకు వంటిల్లు, చాకలిపని, మగ్గం వంతులుగా వచ్చేవి. ఒక్కో బ్రదర్ (మగ సభ్యుడు) బట్టలు ఉతికించి, కుట్టి, చిరుగులు సరిచేసే బాధ్యత ఒక్కో సిస్టర్‌కు (ఆడ సభ్యురాలికి) అప్పగించేవారు.

పూర్తిగా గోడ కట్టేస్తే అది ఇంకో రకంగా పగులుతుందని మీచమ్‌కు తెలుసు. 1793లో ‘యూనియన్ మీటింగ్’ అనేది పెట్టాడు. వారానికి కొన్ని సాయంత్రాలు ఒక గదిలో నలుగురైదుగురు సిస్టర్లు, అంతమంది బ్రదర్లు ఎదురెదురు వరసల్లో, మధ్య అయిదడుగుల ఎడం ఉంచి కూర్చుంటారు. గంటసేపు కబుర్లు, పాటలు. ఎవరి ఎదురుగా ఎవరు కూర్చోవాలో పెద్దలే నిర్ణయించేవారు. అయినా జంటలు జంటలుగా పారిపోయినవాళ్లు లేకపోలేదు. పల్లె దినచర్య పుస్తకాల్లో అలాంటి వెళ్లిపోవడాలు కనబడుతూనే ఉంటాయి.

ప్రశ్న: చేరేటప్పుడు ఇచ్చేసిన ఆస్తి, వెళ్లిపోయేటప్పుడు తిరిగి ఇచ్చేవారా?

చేరిక రెండంచెల్లో ఉండేది. ముందు కొత్తవాళ్ల ఫ్యామిలీలో ఉండి చూడాలి. ఈ దశలో ఎవరి ఆస్తి వాళ్లదే. తెచ్చిన సామాను జాబితా రాసి ఉంచేవారు, వెళ్తే అది తిరిగి ఇచ్చేవారు. బయట అప్పులుంటే తీర్చుకోవాలి. అప్పు మిగిలి ఉండగా పూర్తి సభ్యత్వం లేదు. రేపు అప్పులవాడు పల్లె ఆస్తి మీదికి వస్తాడని భయం. అన్నీ కుదిరాక ఒడంబడిక మీద సంతకం. న్యూ లెబనాన్‌లో దాన్ని 1795లో రాతలో పెట్టారు. సంతకం చేసినవాళ్లు ఆస్తిని సంఘానికి ధారపోసినట్టే, చేసిన పనికి కూలి అడగబోమని ఒప్పుకున్నట్టే. తర్వాత కోర్టుకెక్కినవాళ్లకు ఆ కాగితమే అడ్డుపడేది. అయినా వెళ్లేవాళ్లను వట్టి చేతులతో పంపకుండా కొంత డబ్బో పనిముట్లో ఇచ్చి పంపడం వాడుక.

ఈ ఏర్పాటులో పెద్ద లొసుగు ట్రస్టీల దగ్గర ఉంది. సంఘం భూములూ బయటి లావాదేవీలూ ఒకరిద్దరు ట్రస్టీల పేర్ల మీద నడిచేవి. మన ధర్మకర్తల్లాంటివాళ్లే అనుకోండి. ఆ మనిషి నిజాయతీపరుడైతే మహా సౌకర్యం. ఊహించని అప్పులు చేసినా, డబ్బుతో ఉడాయించినా మొత్తం పల్లె మునిగేది. అలా దెబ్బతిన్న పల్లెలు ఒకటి కంటే ఎక్కువే.

ప్రశ్న: వృత్తాకార రంపం, చదును చీపురు, విత్తనాల పొట్లాలు అన్నీ షేకర్లే కనిపెట్టారట. నిజమేనా?

రంపం సంగతి పక్కన పెట్టండి. 1813లో హార్వర్డ్ పల్లెలో టబితా బాబిట్ రాట్నం చూసి కనిపెట్టిందన్న కథ అందమైనదే, కానీ ఇంగ్లండ్‌లో శామ్యూల్ మిల్లర్ పేటెంటు 1777 నాటిది. చీపురుకు గట్టి ఆధారమే ఉంది: 1798లో వాటర్‌వ్లీట్‌లో థియోడర్ బేట్స్. అంతకు ముందు చీపురంటే గుండ్రటి కట్ట, నేలను తాకేది దాని మధ్య భాగమే. పుల్లలను బిగించి చదును చేసి, పురికొసతో అడ్డంగా వరసలు కుడితే అంచు వెడల్పవుతుంది, మూలల్లోకీ వెళ్తుంది. కుట్టు వదులైతే మాత్రం వారంలో మళ్లీ గుండ్రమైపోతుంది.

విత్తనాల్లో వాళ్ల గొప్ప పొట్లం కన్నా నమ్మకం. బయట కొన్న విత్తనాలు తమవాటిలో కలపబోమని 1819లో కొన్ని పల్లెలు రాసుకున్నాయి. పొట్లాలను చెక్కపెట్టెల్లో సర్ది బండ్ల మీద ఊరూరా అంగళ్లలో వదిలి, పంటకాలం అయ్యాక వెళ్లి అమ్మినదానికి కమీషన్ పోను డబ్బు, అమ్మనివి వెనక్కి తీసుకునేవారు. మందు మూలికల వ్యాపారమూ పెద్దదే. న్యూ లెబనాన్‌లో మూలికల కషాయం చిక్కబరచడానికి వాడిన వాక్యూమ్ పాత్రలోనే గెయిల్ బోర్డెన్ 1850ల్లో పాలు చిక్కబరిచే ప్రయోగాలు చేశాడు. గులాబీలు పన్నీటి కోసం పెంచేవారు. తొడిమ లేకుండా రెక్కల దగ్గరికి తుంచాలని నియమం. తొడిమ ఉంటే ఎవరికైనా తల్లో పెట్టుకోవాలనిపిస్తుందని!

హాన్‌కాక్‌లోని గుండ్రటి రాతి కొట్టం (1826) గురించి ఒకరు అడిగారు. చుట్టుకొలత 270 అడుగులు. ఎడ్లబండి పై అంతస్తులోకి వాలు దారిన వచ్చి, లోపలే చుట్టూ తిరుగుతూ గడ్డిని నడిమి గాదెలోకి దించి, వచ్చిన వాకిలినే బయటికి వెళ్తుంది. బండిని వెనక్కి నడపాల్సిన పని లేదు. కింద 52 ఆవులు తలలు మధ్యకు పెట్టి వలయంగా నిలబడతాయి. నడుమ నిలబడ్డ మనిషి కొద్ది అడుగుల్లో అన్నిటికీ మేత వేయగలడు.

ప్రశ్న: షేకర్ల కోడిగుడ్డు ఆకారపు చెక్క డబ్బా చేయాలని ప్రయత్నించాను. వంచేటప్పుడు బద్ద విరిగింది. రెండోదాంట్లో అడుగు పలక పక్కన సందు వచ్చింది. ఎక్కడ తప్పు?

రెండు తప్పులూ చెక్క ఎంపికలోనే మొదలై ఉంటాయి. చుట్టు బద్ద మేపుల్‌ది కావాలి, మందం సుమారు అంగుళంలో పదహారో వంతు. బద్ద పొడవునా ఈనె (చెక్క పోగుల గీత) నేరుగా సాగాలి. ఈనె పక్కకు జారి అంచు దగ్గర తెగిందంటే, వంపులో విరిగేది సరిగ్గా అక్కడే.

బద్ద ఒక కొసన చేతివేళ్లలాంటి కొనలు కోస్తారు. ఇవి అలంకారం కాదు. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కొసను నిటారుగా కోసి మేకులతో బిగిస్తే ఆ కదలికకు చోటు లేక వంకర తిరుగుతుంది, లేదా పగులుతుంది. సన్నటి వేళ్లుగా చీలిస్తే ఒక్కో వేలు కదిలేది కొంచెమే, వాటి మధ్య సందులు ఆ కదలికను మింగేస్తాయి. వేళ్ల అంచులను కత్తితో వాలుగా చెక్కాలి. రెండో కొసను అంగుళం, అంగుళంన్నర మేర పలచబరచాలి. లేకపోతే లోపల గట్టులా తగులుతుంది. మేకులకు రంధ్రాలు ముందే వేసుకోండి.

తర్వాత బద్దను మరిగే వేడికి దగ్గరగా ఉన్న నీళ్లలో ఇరవై, ముప్ఫై నిమిషాలు నానబెట్టాలి. తీశాక క్షణాలే చేతిలో ఉంటాయి. అచ్చు, పెన్సిలు పక్కనే సిద్ధంగా ఉండాలి. చెక్క అచ్చు చుట్టూ చుట్టి, కొస ఎక్కడికి వచ్చిందో గీత పెట్టి, తీసి ఇనప గొట్టం మీదికి ఎక్కించి రాగి మేకులు కొట్టాలి. మేకు మొన గొట్టాన్ని తాకి లోపలికి మడత పడుతుంది. ఇనప మేకులు వాడితే తడి మేపుల్ మీద నల్లటి మరకలు తేలతాయి, తుప్పూ పడుతుంది, రాగి అందుకే. వెంటనే పై నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి గుడ్డు ఆకారపు బిరడాలు దిగ్గొట్టి రెండు రోజులు ఆరనివ్వాలి. మూత బద్దను విడి అచ్చు మీద కాక, తయారైన డబ్బా మీదే చుడితేనే సరిగ్గా కూర్చుంటుంది. మీ బద్ద వంపు మొనలో విరిగి ఉంటే నానడం చాలలేదు, లేదా చుట్టేలోపు చల్లారింది.

అడుగుకూ మూతకూ పైన్ పలక. సందు రావడానికి కారణం పలక పూర్తిగా ఎండకపోవడం, లేదా మాను పొట్టను అడ్డంగా కోసిన పలక కావడం. మాను కేంద్రం నుంచి బయటికి కోసిన పలకలో వలయాలు నిటారుగా ఉంటాయి, వెడల్పులో ముడుచుకునేది తక్కువ. షేకర్లు అదే ఎంచుకున్నారు. పలకను ఆరిన బద్దలో ఉంచి గీసుకుని, అంచును కొద్దిగా వాలుగా అరగదీసి, బిగుతుగా దిగేలా నొక్కాలి. ఆపైన సన్నటి రంధ్రాలు వేసి చెక్క చీలలు కొట్టి కోసేయాలి. జిగురు వద్దు.

ప్రశ్న: కుర్చీలు తలకిందులుగా ఎందుకు తగిలించేవారు?

నేల ఊడవడానికి. గది చుట్టూ గోడకు చెక్కపట్టీ, దానికి వరసగా చిలక్కొయ్యలు. కుర్చీలు, టోపీలు, చీపుర్లు అన్నీ వాటి మీదే. తలకిందులుగా ఎందుకంటే, దుమ్ము కూర్చునే వైపు పడకుండా. కుర్చీ తేలిగ్గా ఉండాల్సి రావడమూ, సీటు నవారుతో అల్లడమూ దీనికి తగినట్టు వచ్చినవే. వెనక కాళ్ల కింద గిన్నెలో తిరిగే గుండు ఒకటి పెట్టేవారు. వెనక్కి వాలినా నేల గీరుకుపోదు, కాలు విరగదు. దాని లోహపు రకానికి 1852లో పేటెంటు తీసుకున్నారు.

ప్రశ్న: ఆరాధనలో నాట్యం చేసేవారట. ఎలా?

మొదట్లో ఎవరి ఊపు వారిది. మీచమ్ 1780ల చివర దాన్ని అడుగుల లెక్కతో వరసల నాట్యంగా మార్చాడు. మగవాళ్ల వరసలు ఒక పక్క, ఆడవాళ్లవి ఒక పక్క, ముందుకూ వెనక్కీ ఒకే లయలో. తర్వాత కవాతులు, వలయాలు చేరాయి. మోజెస్ జాన్సన్ కట్టిన తొలి ఆరాధనశాలలు 32 అడుగులు, 44 అడుగులు. పైకప్పు దూలాల అల్లికే బరువంతా మోసేలా కట్టి, హాలు నడుమ ఒక్క స్తంభమూ రానివ్వలేదు. అడుగు తప్పితే ఢీకొనేది మనిషినే. ఆదివారాలు లోకస్థులు వచ్చి గోడ పక్క బల్లల మీద కూర్చుని చూసేవారు. వేల పాటలు కట్టారు. స్వరాలకు గుర్తుల బదులు అక్షరాలు వాడి రాసుకున్నారు. ప్రసిద్ధమైన ‘సింపుల్ గిఫ్ట్స్’ 1848లో జోసెఫ్ బ్రాకెట్ కట్టినది. అదీ అడుగులు వేయడానికి కట్టిన పాటే. అందులో తిరగడం గురించి ఉన్న మాటలు నిజంగా తిరగడానికే.

ప్రశ్న: షేకర్ల నిమ్మకాయ ‘పై’ (పిండి పొరల మధ్య పెట్టి కాల్చే తీపి వంట) చేదుగా వచ్చింది. కొలతలు చెప్పగలరా?

ఒహాయో షేకర్ల వంట. పలచటి తొక్క నిమ్మకాయలు రెండు, పంచదార రెండు కప్పులు, గుడ్లు నాలుగు. నిమ్మకాయను తొక్కతో సహా కాగితంలా పలచగా తరగాలి. గింజ ఒక్కటీ ఉండకూడదు. పంచదార కలిపి కనీసం రాత్రంతా ఉంచి, మధ్యలో ఒకటి రెండుసార్లు కలపాలి. పొద్దున గిలక్కొట్టిన గుడ్లు కలిపి, పిండి పొర పరిచి పోసి, పైన ఇంకో పొర వేసి, ఆవిరి పోవడానికి గాట్లు పెట్టాలి. 230 డిగ్రీల సెల్సియస్‌లో పదిహేను నిమిషాలు, 190కి తగ్గించి ఇంకో ఇరవై. చేదు వచ్చిందంటే ముక్కలు మందమైనా అయి ఉండాలి, ఊరడం చాలకనైనా ఉండాలి.

ప్రశ్న: ఇంత బాగా నడిచినవాళ్లు ఎందుకు తరిగిపోయారు? ఇప్పుడు ఎవరైనా ఉన్నారా?

బ్రహ్మచర్యమే కారణమని చటుక్కున చెప్పేస్తారు. అదే కారణమైతే నూరేళ్లు పెరిగి ఉండేవారు కాదు. బయటినుంచి వచ్చేవాళ్లు ఆగిపోవడం అసలు సంగతి. అంతర్యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ సరుకు రైలెక్కి చవగ్గా ప్రతి ఊరికీ వచ్చింది. చేతి చీపురు, చేతి డబ్బా దాని ముందు నిలవలేదు. పట్నంలో కూలి దొరకడంతో మగపిల్లలు ముందు వెళ్లిపోయారు. పొలం పనికి కూలివాళ్లను పెట్టుకోవాల్సి వచ్చింది, ఖర్చు పెరిగింది. అనాథలకు వేరే ఆశ్రమాలు వచ్చాయి. ఆడవాళ్లే ఎక్కువగా మిగిలి, చివరి దశాబ్దాలను వాళ్లే నడిపించారు. టైరింగమ్ 1875లో మూతపడింది. ప్లెజెంట్ హిల్ 1910లో, మౌంట్ లెబనాన్ (న్యూ లెబనాన్‌కే తర్వాతి పేరు) 1947లో, హాన్‌కాక్ 1960లో. కాంటర్‌బరీలో ఆఖరి సిస్టర్ 1992లో చనిపోయింది. వీటిలో చాలా ఇప్పుడు మ్యూజియంలు.

యంత్రాలకు దూరంగా ఉన్నందువల్ల నశించారనుకోకండి, వాళ్లు ఆమిష్‌లనే మరో క్రైస్తవ శాఖ లాంటివారు కారు. బట్టలుతికే యంత్రానికి 1858లో పేటెంటు తీసుకున్నారు. కరెంటూ కార్లూ వచ్చిన వెంటనే పెట్టుకున్నారు.

మిగిలింది మెయిన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ పల్లె ఒక్కటే. సభ్యులు చేతివేళ్లతో లెక్కపెట్టగలిగినంతమంది. మూలికలు పండించి అమ్ముతారు, గొర్రెలు పెంచుతారు. ఆదివారం ఆరాధనకు ఎవరైనా వెళ్లవచ్చు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. వెళ్లేవాళ్లు తమ తలుపు ఏదో ముందే చూసుకోవాలి.